వంశవృక్షాన్ని చదవడం – నాలుగవ పాఠం: ట్రౌట్ అనే పేరు, దాని వెనుక ఉన్న వంశాలు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతోనే మొదలుపెడదాం. ఫిషింగ్ హార్బర్‌కు గానీ పూర్ణా మార్కెట్‌కు గానీ వెళ్ళి, ఒక జెల్ల చేపను ముళ్ళు గుచ్చుకోకుండా జాగ్రత్తగా పట్టుకుని, వీపు మీది పెద్ద వాజానికీ తోకకూ మధ్య ఏముందో చూసి బొమ్మ గీయమని అడిగాను. గీసినవారికి అక్కడ ఈనెలు లేని, మెత్తటి తోలు మడతలా ఉండే చిన్న వాజం ఒకటి కనిపించి ఉంటుంది. దానిని కొవ్వు వాజం అంటారు. ఈ పాఠంలో మనం చూడబోయే ట్రౌట్ చేపలకు కూడా సరిగ్గా అదే చోట అలాంటి వాజమే ఉంటుంది. అంతమాత్రాన జెల్లకూ ట్రౌట్‌కూ దగ్గరి చుట్టరికం ఉందని రాసినవారు ఆ వాక్యాన్ని కొట్టివేయాలి. చేపల వంశవృక్షం మీద కొవ్వు వాజం ఉన్న కొమ్మలన్నిటినీ గుర్తించి చూసినప్పుడు, అది వేర్వేరు వంశాలలో ఒకటి కంటే ఎక్కువసార్లు విడివిడిగా పుట్టిందని 2014లో వెలువడిన ఒక విస్తృత పరిశీలన తేల్చింది. పోలిక కంటికి కనబడుతుంది గాని, చుట్టరికాన్ని మాత్రం కణుపులు లెక్కపెట్టి తెలుసుకోవలసిందే. మొదటి పాఠంలో చెప్పుకున్నట్టు, వంశవృక్షంలో ఒక కొమ్మ రెండుగా చీలిన చోటును మనం కణుపు అని పిలుచుకుంటున్నాం.

విశాఖపట్నంలో కూర్చుని ట్రౌట్ గురించి నేర్చుకోవడం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ కుటుంబపు చేపలు సహజంగా ఉత్తరార్ధగోళంలోని చల్లని నీళ్ళలోనే ఉంటాయి, భారతదేశంలో సహజమైన ట్రౌట్ ఒక్కటి కూడా లేదు. కాశ్మీరులో ఉన్న బ్రౌన్ ట్రౌట్ 1900 ప్రాంతంలో గుడ్ల రూపంలో ఓడలో వచ్చింది. నీలగిరులలోని రెయిన్‌బో ట్రౌట్ కూడా తెచ్చి వదిలినదే. అయినా ఈ చేపను ఎంచుకున్నాను, ఎందుకంటే పేరు ఒక దారిన, వంశం మరొక దారిన పోయినప్పుడు వృక్షాన్ని ఎలా చదవాలో ఇంత స్పష్టంగా నేర్పగల ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితాన్ని అడ్డంగా పెట్టుకుని, ఎడమ అంచు నుంచి కుడివైపుకు ఒక గీత గీయండి. ఎడమవైపు పాతకాలం, కుడి అంచు నేటి రోజు. కొద్ది దూరం పోయాక మొదటి కణుపు పెట్టి, అక్కడి నుంచి పైకి ఒక కొమ్మను కుడి అంచు దాకా లాగి దాని కొనకు పైక్ అని పేరు రాయండి. పొడుగు మూతితో, పదునైన పళ్ళతో ఉండే ఈ వేటచేపలే ట్రౌట్ కుటుంబానికి అన్నిటికంటే దగ్గరి బంధువులు. మూల గీత మీద మరికొంత ముందుకు వెళ్ళి, తరువాతి కణుపు పెట్టకముందే, ఎర్ర పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టండి. సుమారు 8 నుంచి 10 కోట్ల సంవత్సరాల క్రితం ఈ వంశపు పూర్వీకుడిలో జన్యు సంపద మొత్తం ఒక్కసారిగా రెట్టింపైంది, ఆ ఘటనకే ఈ గుర్తు. అడ్డగీతకు కుడివైపున పుట్టిన ప్రతి కొమ్మా ఆ రెట్టింపు ఆనవాళ్ళను మోస్తుంది. ఎడమవైపున విడిపోయిన పైక్‌కు అది లేదు. ఒక గుర్తు ఏ రెండు కణుపుల మధ్య పడిందో చూస్తే అది ఎవరికి వారసత్వంగా దక్కిందో తెలిసిపోతుందని రెండవ పాఠంలో చెప్పిన సూత్రం ఇక్కడ పనికివస్తుంది.

అడ్డగీత తరువాత వచ్చే చోట మూడు కొమ్మలు గీయండి: వైట్‌ఫిష్‌లు, గ్రేలింగ్‌లు, ఇక మనకు కావలసిన మూడవది, ట్రౌట్, సాల్మన్, చార్ చేపలు కలిసి ఉండే కొమ్మ. ఈ మూడవ కొమ్మ మొదలులో ఇయోసాల్మో అనే శిలాజాన్ని రాసుకోండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, డ్రిఫ్ట్‌వుడ్ క్రీక్ అనే వాగు పక్కన, సుమారు 5 కోట్ల సంవత్సరాల నాటి సరస్సు అడుగు మట్టి గట్టిపడి ఏర్పడిన రాతిపొరలలో అది దొరికింది, 1977లో దానికి శాస్త్రీయ వర్ణన వెలువడింది. మన నిత్యజీవితానికి ఏమాత్రం సంబంధం లేని ఆ చేప బొమ్మను మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని ఈనాటికీ మరువలేదు. చాలావరకు నేటి ట్రౌట్ ఆకారమే, అంత పాతకాలంలో.

మూడవ కొమ్మను ఇంకా విడదీయాలి. చిన్న శాఖలను ఈ పాఠానికి వదిలిపెట్టి మూడు ప్రజాతులను, అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపులను, మాత్రం తీసుకుందాం. సాల్మో ఒకవైపు విడిపోతుంది. ఆంకోరింకస్, సాల్వెలినస్ అనేవి ఇంకొక వైపు ఒకే కణుపు నుంచి పుట్టిన సోదర శాఖలని జన్యు పరిశీలనలు ఎక్కువగా చూపుతున్నాయి. సాల్మో కొమ్మకు రెండు కొనలు పెట్టి బ్రౌన్ ట్రౌట్, అట్లాంటిక్ సాల్మన్ అని రాయండి. ఆంకోరింకస్ కొమ్మ మీద ఒక జంటగా రెయిన్‌బో ట్రౌట్, కట్‌త్రోట్ ట్రౌట్ వస్తాయి. అదే కొమ్మ మీద సాకై, చినూక్, కోహో వంటి పసిఫిక్ సాల్మన్‌లు వస్తాయి. సాల్వెలినస్ కొమ్మ చార్‌లది. బ్రూక్ ట్రౌట్, లేక్ ట్రౌట్ అని పిలిచే చేపలు నిజానికి ఇక్కడివి.

ఇప్పుడు కత్తెర చేతిలోకి తీసుకోండి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన ముఖ్యమైన నైపుణ్యం ఇదే, నేను దీనిని ఒక్క కోత పరీక్ష అంటాను. ఏదైనా ఒక గుంపును వృక్షం నుంచి ఒకే ఒక్క కోతతో, బయటివారిని ఎవరినీ లాగకుండా, లోపలివారిని ఎవరినీ వదలకుండా విడదీయగలిగితే అది ఏకవంశం. విడదీయలేకపోతే అది కేవలం ఒక పిలుపు. ట్రౌట్ అని రాసిన కొనలన్నిటినీ ఒక్క కోతతో విడదీయడానికి ప్రయత్నించండి. మూడు ప్రజాతుల ఉమ్మడి కణుపు దగ్గర కోస్తే సాల్మన్‌లన్నీ వెంట వస్తాయి. అంతకంటే కుడివైపు కోస్తే ఏదో ఒక ట్రౌట్ మిగిలిపోతుంది. బ్రౌన్ ట్రౌట్‌కు రెయిన్‌బో ట్రౌట్ కంటే అట్లాంటిక్ సాల్మన్ దగ్గరి బంధువనే సంగతి ఈ కోతతో చేతికి తెలుస్తుంది. అదే పరీక్షను సాల్వెలినస్ మీద చేస్తే ఒక్క కోత చాలు, అది నిజమైన వంశం. చూపుకు కూడా దానికొక గుర్తుంది: చార్‌ల ఒంటి మీద ముదురు రంగు నేపథ్యంలో లేత చుక్కలుంటాయి, తక్కిన రెండు ప్రజాతుల ట్రౌట్‌లకు లేత నేపథ్యం మీద ముదురు చుక్కలుంటాయి.

పిలుపును వంశంగా పొరబడడం శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. నా విద్యార్థి దశలో రెయిన్‌బో ట్రౌట్‌ను సాల్మో గైర్డ్నెరి అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఎముకల నిర్మాణాన్నీ శిలాజాలనూ పరిశీలించిన జెరాల్డ్ స్మిత్, రాల్ఫ్ స్టియర్లీ 1989లో ఆ చేప పసిఫిక్ సాల్మన్‌ల కొమ్మకు చెందినదని వాదించారు, శాస్త్రలోకం ఒప్పుకుంది. రష్యాలోని కామ్చాట్కా చేపకు 1792లోనే జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాల్‌బామ్ పెట్టిన మైకిస్ అనే జాతిపేరు పాతది కాబట్టి దానికే అధికారం దక్కి, నేటి పేరు ఆంకోరింకస్ మైకిస్ అయింది. ఇక మన హిమాలయ నదులలో స్నో ట్రౌట్ అని పిలిచే చేపలను మీ కాగితం మీద ఎక్కడా పెట్టలేరు. అవి కార్ప్ కుటుంబానికి చెందినవి, అంటే మన బొచ్చెకూ శీలావతికీ చుట్టాలు.

పేర్లు రెండో రకంగా కూడా మోసం చేస్తాయి, వేర్వేరు వంశాలకు ఒకే పేరు కాకుండా ఒకే వంశానికి వేర్వేరు పేర్లు. దీనికి మన తీరంలోనే చక్కని ఉదాహరణ ఉంది. సముద్రంలో పట్టినప్పుడు ఇలస అన్నదే వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. ధరలో ఎంత తేడా ఉన్నా జాతి ఒక్కటే. సరిగ్గా అలాగే రెయిన్‌బో ట్రౌట్‌లలో కొన్ని సముద్రానికి వెళ్ళి పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి తిరిగివస్తాయి, వాటిని స్టీల్‌హెడ్ అంటారు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతికి పునాది వేసిన లిన్నేయస్ 1758లో బ్రౌన్ ట్రౌట్‌నే పెద్ద నదులలోనిది, చిన్న వాగులలోనిది, సముద్రంలోనిది అంటూ మూడు జాతులుగా నమోదు చేశాడు. జీవనరీతిని వంశంగా పొరబడడం ఎంత సులభమో గమనించండి.

ఇంతవరకు పెద్ద కొమ్మలను చదివాం. స్థానిక ట్రౌట్‌లలోని అసలు వైవిధ్యం కొసకొమ్మలలో ఉంది. దానిని చదవాలంటే వృక్షం పక్కన నదుల పటం కూడా పరుచుకోవాలి, ఎందుకంటే మంచినీటి చేపకు కొండ శిఖరం గోడవంటిది. అరకు వెళ్ళే దారిలోని కొండలను తలచుకోండి. అనంతగిరి వాలులో పడిన వాన గోస్తనిగా ప్రవహించి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండల వరుసకు అవతలివైపు పడిన నీరు మాచ్‌ఖండ్, సీలేరు, శబరి దాటి గోదావరికి చేరుతుంది. రెండు చినుకుల మధ్య దూరం కొద్దిదే అయినా, వాటిలో ఈదే చేపలకు అది కలవలేని దూరం. కలవని చేపల గుంపులు వేల తరాలు గడిచేసరికి వేరుపడతాయి, వృక్షం మీద అది ఒక కణుపు అవుతుంది.

అమెరికా పడమటి కొండలలో కట్‌త్రోట్ ట్రౌట్ ఇలాగే విడిపోతూ పోయింది. గొంతు కింద కోసినట్టుండే ఎర్రటి చారల వల్ల దానికా పేరు వచ్చింది. 1805లో మిస్సోరీ నది జలపాతాల దగ్గర అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించడానికి వెళ్ళిన లూయిస్, క్లార్క్ యాత్రాబృందం దీనిని చూసింది, క్లార్క్ పేరు మీదనే జాతిపేరు క్లార్కై అయింది. ట్రౌట్‌ల మీద జీవితమంతా పనిచేసిన రాబర్ట్ బెంకీ దీనిలో 14 ఉపజాతులను గుర్తించాడు, వాటిలో రెండు ఇప్పటికే అంతరించాయి. క్రోమోజోముల సంఖ్య కూడా ఒక్కటి కాదు: తీరప్రాంతపు కట్‌త్రోట్‌కు 68, పడమటి వాలు కట్‌త్రోట్‌కు 66, ఎల్లోస్టోన్ కట్‌త్రోట్‌కు 64.

అయితే ఎల్లోస్టోన్ చేప ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. ఎల్లోస్టోన్ నది అట్లాంటిక్ వైపు పారుతుంది, పైగా దానిలో 94 మీటర్ల ఎత్తైన జలపాతం ఉంది కాబట్టి దిగువ నుంచి ఏ చేపా ఎక్కిరాలేదు. జలపాతానికి పైన ఉన్న సరస్సులోని చేపల బంధువులేమో పసిఫిక్ వైపు పారే స్నేక్ నదిలో ఉన్నారు. వయోమింగ్‌లో టూ ఓషన్ పాస్ అనే కనుమ దగ్గర ఒకే వాగు రెండుగా చీలి, ఒక పాయ అట్లాంటిక్ వైపుకు, మరొకటి పసిఫిక్ వైపుకు వెళుతుంది. హిమయుగపు మంచు కరిగిన తరువాత చేపలు ఆ తడి దారిన ఖండపు వెన్నెముకను దాటాయి. కాబట్టి వృక్షమూ నేటి పటమూ ఒప్పుకోనప్పుడు వృక్షం తప్పని తొందరపడకుండా, నీరు ఒకప్పుడు ఎటు పారిందో వెతకాలి.

కొండ అడ్డం లేకుండా కూడా వేరుపడవచ్చునని ఐర్లండ్‌లోని లాఖ్ మెల్విన్ సరస్సు చూపుతుంది. అక్కడ బ్రౌన్ ట్రౌట్‌లు మూడు రకాలు: నత్తలను తినే గిల్లరూ, నీటిలో తేలే సూక్ష్మజీవులను తినే సొనాఖన్, చేపలను వేటాడే ఫెరాక్స్. ఒకే నీటిలో తిరిగినా గుడ్లు పెట్టే వాగులు వేరు.

చివరిగా, వృక్షాన్ని చెడగొట్టే సంగతి ఒకటి, నాకు బాధ కలిగించేది కూడా. 19వ శతాబ్ది చివరి నుంచి రెయిన్‌బో ట్రౌట్ పిల్లలను ప్రపంచమంతటా తెచ్చి వదిలారు. కట్‌త్రోట్ నీళ్ళలో వదిలిన చోట అవి దానితో కలిసి సంకర సంతానాన్ని కన్నాయి; లక్షల ఏళ్ళ క్రితం విడిపోయిన కొమ్మలు కొన్ని దశాబ్దాలలో మళ్ళీ ముడిపడ్డాయి. కొలరాడోలోని గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ కథ మరింత విషాదకరం. అంతరించిందని 1937లో ప్రకటించిన ఈ చేప తరువాత దొరికిందని సంతోషించి, ఏళ్ళ తరబడి శ్రద్ధగా పెంచి వాగులలో వదిలారు. 1857 నుంచి 1889 వరకు సేకరించి మ్యూజియంలలో దాచిన చేపల డీఎన్ఏతో 2012లో పోల్చి చూస్తే, పెంచినవి చాలావరకు వేరే వంశాలని తేలింది. అప్పటికి అసలు గ్రీన్‌బ్యాక్‌లు బేర్ క్రీక్ అనే ఒకే ఒక్క వాగులో మిగిలి ఉండేవి, అది కూడా వాటి సొంత నదీ పరీవాహకానికి బయట, పూర్వం ఎవరో తెచ్చి వదిలినందువల్ల. సీసాలో చేపను పెట్టి, పట్టిన చోటునూ తేదీనీ చీటీ మీద రాసి అంటించిన ఆనాటి సేకర్తలకు నేను మనసారా నమస్కరిస్తాను. మీరు ఏ నమూనా సేకరించినా చీటీ లేకుండా దాచవద్దు.

వచ్చే పాఠానికి అభ్యాసం ఇది. ఒకే రకంగా కనిపించే చిన్న చేప గోస్తని ఎగువ వాగులోనూ, మాచ్‌ఖండ్ ఎగువ వాగులోనూ, శబరి గోదావరిలో కలిసే చోటా దొరికిందని ఊహించండి. మూడు కొనలతో రెండు వృక్షాలు గీయండి: ఒకటి, చేపలు ఎన్నడూ కొండ దాటకుండా ఉంటే రావలసినది, రెండవది, ఇటీవలి కాలంలో ఎగువ వాగులు ఒకసారి కలిసి చేపలు దాటి ఉంటే రావలసినది. ఒక్కొక్క బొమ్మలో ఏ రెండు కొనలు ఒక్క కోతతో ఊడివస్తాయో పక్కన రాసి ఉంచండి; ఐదవ పాఠాన్ని ఆ రెండు బొమ్మలతోనే మొదలుపెడతాను.