ప్రాణం ఉన్నవీ లేనివీ – 3వ పాఠం: ఉప్పూ పెరుగుతుంది, పెసరా పెరుగుతుంది

పోయిన పాఠంలో కదలిక గురించి చూశాం. నాగావళి రాత్రీ పగలూ పారుతూనే ఉంటుంది, అయినా ప్రాణి కాదు. గట్టు మీది తాటిచెట్టు అడుగు కదపదు, అయినా ప్రాణే. మీ పట్టికలో కదలిక గడి పక్కన ‘ఇదొక్కటే చాలదు’ అని రాసుకోండి. ఈ రోజు పెరుగుదల.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నౌపడ ఉప్పుమడుల గట్టున కూర్చుని చూసేదాన్ని. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండకు నీరు ఇంకి ఇంచుమించు పదో వంతుకు వచ్చేసరికి మడి అడుగున ఉప్పు పలుకులు కడతాయి. ఇసుకరవ్వంత పలుకు రోజురోజుకీ లావవుతుంది. బడిలో ‘పెరిగేవి ప్రాణులు’ అని చదివినప్పుడు నాకు పెద్ద టెన్షన్. మరి ఉప్పో?

ఇంట్లోనే తేల్చుకుందాం. గ్లాసులో 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, ఉప్పు వేస్తూ కలపండి. 70 గ్రాములు దాటాక ఇక కరగదు. పూర్తిగా చల్లారనిచ్చి తేట వంపుకోండి. రాళ్లఉప్పు పలుకును దారానికి కట్టి అందులో వేలాడదీయండి. మూత పెట్టొద్దు.

అదే రోజు ఇరవై పెసలు తీసుకోండి. పదింటిని పది నిమిషాలు ఉడికించండి. రెండు రకాలనూ రాత్రంతా నానబెట్టి, వేర్వేరు తడిగుడ్డల్లో మూటకట్టండి.

ఒకటి రెండు రోజుల్లో పచ్చి పెసలకు తెల్లని మొలక తొంగిచూస్తుంది. ఉడికినవి కూడా లావెక్కి ఉంటాయి, కానీ అది నీళ్లు పీల్చి ఉబ్బడమే. ఉబ్బడం వేరు, పెరగడం వేరు.

వారం తర్వాత ఉప్పు పలుకును బయటికి తీసి పగలగొట్టండి. పైనా లోపలా ఒకే ఉప్పు. నీటిలో ఉన్న ఉప్పే వచ్చి పొర మీద పొరగా పేరుకుంది. పెసరకు మీరిచ్చింది నీళ్లు మాత్రమే. వేరునూ ఆకునూ ఎవరూ తెచ్చి అతికించలేదు. పప్పుబద్దల్లో దాచుకున్న తిండిని కరిగించుకుని అది లోపల్నుంచే కట్టుకుంది. మొక్క పైకి లేచేకొద్దీ బద్దలు ఎలా వడిలిపోతాయో వేలితో తాకి చూడండి, ఈ పాఠంలో నాకు బాగా ఇష్టమైన పని అదే.

ఇంకో పరీక్ష. ఉప్పును నూరినా ఒక్కో రవ్వ మళ్లీ పలుకు కాగలదు. పెసరను నూరితే పిండే, మొక్క రాదు.

మరి డబ్బాలో నెలల తరబడి కదలక మెదలక ఉన్న పెసర మాటేమిటి? బతికే ఉంది, నీటికోసం ఆగి ఉంది. ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన సుమారు 2000 ఏళ్లనాటి ఖర్జూర గింజను 2005లో నాటితే మొలిచింది.

అంతకాలం ఆగినా గింజ ఊపిరి పీలుస్తుందా? వచ్చే పాఠంలో చూద్దాం. అందుకోసం తాంబూలం సున్నం చిటికెడు సీసాడు నీళ్లలో కలిపి, మూత బిగించి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన తేరిన తేట మనకు కావాలి. గుప్పెడు పెసలు కూడా నానేసుకోండి.