పది సెంట్లలో వారం వారం అమ్మేలా కూరగాయలు

తోటకూర అంతా ఒకే రోజు చల్లితే ఒకే వారం కోతకొస్తుంది. ఆ వారమే ఊళ్లో మిగతావాళ్లదీ వచ్చి సంతలో కట్ట ధర పడిపోతుంది. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లోకి రూపాయి రాదు. పేద కుటుంబం తట్టుకోలేనిది ఈ ఖాళీ నెలనే.

నీరున్న పది సెంట్లలో నాలుగు ఆకుకూరలకు, మూడు పందిరి మీద బీర, కాకరలకు, మూడు బెండ, వంగలకు ఉంచండి. ఆకుకూరల నేలను అర సెంటు చొప్పున ఎనిమిది ముక్కలు చేసి వారానికో ముక్క విత్తండి. మళ్లు మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు చాలు. అంతకన్నా వెడల్పైతే కలుపుకు మడిలోకి దిగాలి, నేల గట్టిపడుతుంది. ముక్కకు బాగా చివికిన పశువుల ఎరువు 50 కిలోలు వేయండి. పచ్చి పేడ వేస్తే కలుపూ చెదలూ పెరుగుతాయి.

ముక్కకు విత్తనం తోటకూరైతే 5 గ్రాములు, పాలకూరైతే 50, కొత్తిమీరకు ధనియాలైతే 40. తోటకూర గింజకు పదింతల పొడి ఇసుక కలపాలి, లేకుంటే గుంపుగా మొలిచి మొదలు కుళ్లి పడిపోతుంది. ధనియాలు బద్దలుగా నలిపి విత్తాలి. తోటకూర 25–30 రోజులకు పీకొచ్చు. పాలకూర నెలకు తొలి కోత, ఆపై పదిహేను రోజులకోసారి. పూత కాడ కనిపిస్తే ఆ ముక్క దున్నేయండి. నీడ లేకపోతే ఎండాకాలం కొత్తిమీర జోలికి పోవద్దు.

ఆకుల రసం పీల్చే పేనుబంకకు 500 గ్రాముల వేపగింజల పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 10 గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. రసాయన మందు కొట్టిన ఆకుకూరను రెండోరోజే అమ్మడం తినేవాళ్లకు హాని, అది చేయకండి.

బీర, కాకర పిందెలు వంకరపోయి లోపల పురుగుంటే అది పండు ఈగ. రాలినవి ఏరి లోతుగా పూడ్చి, మగ ఈగలను వాసనతో రప్పించి పట్టే క్యూల్యూర్ ఎరలు కట్టండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎరకు ఈ ఈగ రాదు. బెండ రోజు విడిచి రోజు కోయాలి. కాయ ముదిరితే ధర పోవడమే కాదు, మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది.

1999లో మొదలైన రైతుబజార్లలో దళారి లేకుండా అమ్ముకోవచ్చు గానీ గుర్తింపు కార్డు కావాలి. విత్తే రోజుల్లోనే ఉద్యాన శాఖ అధికారిని కలవండి, కోతకొచ్చాక తిరిగితే సరుకు వాడిపోతుంది. ఆకుకూర తెల్లవారుజామున కోసి, నీడలో కట్టలు కట్టి, తడి గోనె కప్పి తీసుకెళ్లండి. నీళ్లలో ముంచి కట్టిన కట్ట మధ్యాహ్నానికి లోపల కుళ్లడం మొదలుపెడుతుంది.