కొత్త రేడియేటర్ వేసినా బండి వేడెక్కుతోందా?

బండి వేడెక్కిందంటే చాలామంది చూపు ముందు రేడియేటర్ మీదే పడుతుంది. పెద్దది వేస్తే పోతుంది కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని నా పాత కారుకి మందపాటి అల్యూమినియం రేడియేటర్, దాంతోపాటు కొత్త ఫ్యాన్ వేయించాను. సిగ్నల్ దగ్గర ఆగానో లేదో, టెంపరేచర్ ముల్లు మునుపటికంటే త్వరగా పైకి పాకింది. కారణం దొరకడానికి రెండు వారాలు పట్టింది. అదేమిటో కింద చెబుతాను. అప్పట్నుంచి ఎవరైనా బండి హీట్ అవుతోందంటే నేను మొదట అడిగేది ఒక్కటే: ఎప్పుడు? నిలబడినప్పుడా, పరిగెత్తేటప్పుడా, స్టార్ట్ చేసిన కాసేపటికేనా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు నిజంగా వేడెక్కుతోందా?

చాలా కొత్త కార్లలో డాష్‌బోర్డు మీది ముల్లు ఉన్నదున్నట్టు చెప్పదు. కూలెంట్ (ఇంజన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం) వేడి 80ల్లో ఉన్నా, 100కి దగ్గరైనా నడిమధ్యలోనే కూర్చునేలా దాన్ని కావాలనే అలా పెడతారు. అది కదిలేసరికి వ్యవహారం ముదిరిపోయి ఉంటుంది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న పరికరం) ఒకటి తగిలించి ఫోన్లో అసలు అంకె చూడండి. ఎక్కువ ఇంజన్లకి 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మామూలే. ట్రాఫిక్‌లో 100 దాకా వెళ్లి, ఫ్యాన్ తిరగ్గానే 95కి దిగితే దాన్ని జబ్బు అనరు. 110 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే మాత్రం బండి ఆపాలి.

ఇక్కడే ఇంకో సంగతి. ఇంజన్ కనీసం ఎంత వేడిగా ఉండాలో తేల్చేది థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు), రేడియేటర్ కాదు. 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న బండికి రెండింతల రేడియేటర్ వేసినా ఇంజన్ 70కి దిగదు. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక కూడా వేడి ఎక్కుతూనే ఉంటేనే రేడియేటర్ సైజు గురించి ఆలోచించాలి.

నిలబడితే వేడి, కదిలితే చల్లన

దాదాపు ఎప్పుడూ ఇది గాలి సమస్యే. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. చాలా బండ్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు, ఈ వరసలో చూసుకోండి. ఏసీతో తిరిగి, ఏసీ లేనప్పుడు బండి ఎంత వేడెక్కినా తిరక్కపోతే టెంపరేచర్ సెన్సర్ మీదా, దాని వైరింగ్ మీదా అనుమానపడాలి. చేతులు మాత్రం దూరంగా పెట్టుకోండి. తాళం తీసేశాక కూడా ఒక్కోసారి ఈ ఫ్యాన్ తిరుగుతుంది.

తిరుగుతోంది కదా అని వదిలేయకండి. ఒక కాగితం తీసుకుని గ్రిల్ ముందు పట్టుకోండి. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉంటే గాలిని లోపలికి లాగుతుంది, కాబట్టి కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. నా కారులో కాగితం ఎగిరొచ్చి నా మొహానికి తగిలింది! కొత్త ఫ్యాన్ కనెక్టర్ వేరే రకం కావడంతో వైర్లు కోసి కలిపారు, ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. డీసీ మోటారు కదా, వెనక్కి తిరుగుతూ ఇంజన్ వేడిగాలినే రేడియేటర్ మీదికి ఊదుతోంది. వైర్లు అటూ ఇటూ మార్చడానికి పది నిమిషాలు పట్టలేదు.

ఫ్యాన్ సరిగా తిరుగుతున్నా ఫలితం లేకపోతే దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ చూడండి. సైజు మారిన రేడియేటర్‌కి పాత ష్రౌడ్ పట్టక చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతుంది, మూలలు ఊరికే ఉంటాయి. రేడియేటర్ అంచుల చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు ఊడినా అంతే. గాలి రేడియేటర్‌లోని పల్చటి రేకుల్లోంచి, అంటే ఫిన్స్‌లోంచి దూరకుండా పక్క సందుల్లోంచి జారిపోతుంది. మరీ మందపాటి కోర్‌కి (ట్యూబులూ ఫిన్సూ ఉండే రేడియేటర్ మధ్యభాగానికి) బలహీనమైన ఫ్యాన్ జతచేయడం కూడా పొరపాటే.

హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడి

ఇప్పుడు రేడియేటర్‌ని అనుమానించవచ్చు, కానీ ముందు రేడియేటర్ ఎదురుగా ఉండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోకి టార్చి వేసి చూడండి. దుమ్మూ, పురుగులూ, ఎండుటాకులూ దుప్పటిలా పేరుకుని ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకి సన్నటి ధారతో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే ఫిన్స్ వంగిపోతాయి.

లోపల పూడుకుపోయిందో లేదో తెలియాలంటే ఇంజన్ బాగా వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ అంతా చూడండి. వేడి కూలెంట్ వచ్చే వైపు నుంచి పోయే వైపుకి అంకె కొద్దికొద్దిగా తగ్గాలి. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి చల్లగా ఉంటే ఆ ట్యూబులు మూసుకుపోయినట్టే. ఇంకొకరి చేత రేజ్ చేయించి రేడియేటర్ కింది హోస్ (రబ్బరు గొట్టం) కూడా చూడండి. మెత్తబడిన హోస్ పంపు లాగే బలానికి చప్పిడిగా అతుక్కుపోతుంది, ఐడిల్‌లో మాత్రం ఏమీ ఎరగనట్టే కనిపిస్తుంది. వాటర్ పంపు రెక్కలు అరిగినా, థర్మోస్టాట్ సగమే తెరుచుకున్నా లక్షణం ఇదే. ఇవన్నీ బాగున్నాయి, బరువు లాగేటప్పుడో, ఇంజన్ పవర్ పెంచాకో మాత్రమే వేడెక్కుతోందంటే పెద్ద రేడియేటర్ వేయించండి. ఎన్ని ట్యూబుల వరసలని కాకుండా ముందు వైపు వెడల్పూ ఎత్తూ ఎంతున్నాయో చూసి కొనండి. ఆటోమేటిక్ బండి అయితే గేర్ ఆయిల్ కూలర్ పాత రేడియేటర్ లోపలే ఉందేమో చూసుకోండి. కొత్తదాంట్లో అది లేకపోతే విడిగా పెట్టాల్సిందే.

రేడియేటర్ మార్చిన రోజే ముల్లు పైకీ కిందికీ, హీటర్‌లో చల్లగాలి

ఎయిర్ లాక్, అంటే కూలెంట్ దారిలో గాలి చిక్కుకుంది. కంగారు వద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా బండి నిలపండి. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, కూలెంట్ నెమ్మదిగా పోయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) ఉంటే బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా తెరిచి ఉంచండి. తర్వాత స్టార్ట్ చేసి, పై హోస్‌ని మధ్యమధ్య నొక్కుతూ, బుడగలు ఆగేదాకా నింపుతూ ఉండాలి. మూత బిగించి ఒక రౌండు తిరిగిరండి. పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూస్తే కొంత తగ్గి ఉంటుంది, నింపండి.

స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిగా

కూలెంట్ ఇంకా వేడెక్కనే లేదు, మరి ఆ ఒత్తిడి ఎక్కడిది? సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందేమో. రిజర్వాయర్‌లో ఆగని బుడగలు, తెల్లటి తియ్యవాసన పొగ, లీకు కనబడకుండానే తగ్గే కూలెంట్ కూడా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయినట్టే లెక్క. కూలెంట్‌లో సిలిండర్ గ్యాస్ ఉందేమో చూసే బ్లాక్ టెస్ట్ చేయించండి. దీనికి రేడియేటర్ మార్చడం దండగ.

అసలు వేడే ఎక్కకపోతే

థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదా ఎవరో పీకేశారు. పీకేస్తే బండి చల్లగా ఉంటుందన్న సలహా నాకు నచ్చదు. చల్లటి ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి (రేడియేటర్‌కి వెళ్లకుండా కూలెంట్ తిరిగే దారి) మూసేది కూడా థర్మోస్టాటే, కాబట్టి పీకేస్తే కూలెంట్ సగం రేడియేటర్ మొహమే చూడక వేడి పెరుగుతుంది కూడా. థర్మోస్టాట్ బాగుందో లేదో తెలియాలంటే దాన్ని దారంతో గిన్నెలోని నీళ్లలో, అడుగుకి తగలకుండా వేలాడదీసి వేడిచేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర కదలడం మొదలై, ఇంకో పది పదిహేను డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి.

మూత, కూలెంట్

చిన్నదే అయినా రేడియేటర్ మూతని తేలిగ్గా తీసుకోకండి. మామూలుగా 100 దగ్గర మరిగే నీళ్లు 1.1 బార్ (ఒత్తిడి కొలత) మూత కింద 120 దాటేదాకా మరగవు. రబ్బరు ఎండిన మూత ఆ ఒత్తిడి నిలపలేదు. కంపెనీ చెప్పిన బార్ ఎంతో అంతే వేయండి. ఎక్కువ వేస్తే పాత హోస్‌లు పగులుతాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఏ మూతా తిప్పకండి, ఒత్తిడి పోగానే కూలెంట్ ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. కుళాయి నీళ్ల సున్నం కొత్త కోర్‌లోనూ పేరుకుంటుంది. రంగు చూసి రకం నిర్ణయించకండి, డబ్బా మీద రాసింది చదవండి. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురుగా మారి, పాత రేడియేటర్‌ని పూడ్చినట్టే కొత్తదాన్నీ పూడ్చేస్తాయి.