చెరువు రేవు నుంచి పారా పోటీ దాకా: వెల్లకిల ఈతకు సన్నాహం

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు చెరువులో ఈత నేర్చిన పిల్లలను పారా (వికలాంగుల) పోటీకి తయారుచేయాలంటే ముందు ఆ చెరువునే కొలవాలి. పెద్దవాళ్ళ ఛాతీ లోతు దాటని చోట 25 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా వెదురు గుంజలు పాతండి. మధ్య నైలాను తాడు లాగి, మీటరుకొక ఖాళీ నీళ్ళసీసా మూత బిగించి కట్టండి. చివర్న తాకడానికి ఒక చెక్కపలక. పలకకు 5 మీటర్ల ముందు, నీటికి 1.8 మీటర్ల ఎత్తున, పాత చీర పీలికలు వేలాడే తాడు అడ్డంగా కట్టండి. పోటీ పూల్‌లో గోడ దగ్గరపడిందని తెలిపే జెండాలు ఉండేదీ అక్కడే, అంతే ఎత్తులో. ఈత బాగా వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు ఎప్పుడూ నీళ్ళలోనే ఉండాలి.

చెవులు నీటిలో, చూపు నేరుగా ఆకాశంలోకి. గడ్డం ఛాతీకి ఆనితే నడుము మునుగుతుంది. కాళ్ళలో బలం లేనివాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వీపు పైభాగాన్ని నీటిలోకి నొక్కితే తుంటి తేలుతుంది. ఒక్క కాలే ఉంటే ఆ కాలిని ఒంటి మధ్యగీత కిందికి తెచ్చి తన్నాలి, లేకుంటే నడుము మెలి తిరుగుతుంది. కృత్రిమ కాలు, తేలుడు సామాను పోటీలో ఒప్పుకోరు.

కుడిచేత్తో మాత్రమే లాగేవాళ్ళు ఎడమకు పోతారు. చేయి భుజానికి సూటిగా నీటిలో దిగాలి. పక్కకు వెడల్పుగా దిగితే వంకర పెరుగుతుంది. చేయి లేని వైపు భుజాన్నీ ప్రతిసారీ పైకి తిప్పించండి. ఎడమచేయి సరిగా ఎదగని భారత పారా ఈతగాడు శరత్ గైక్వాడ్ 2014 ఇంచియాన్ ఆసియా పారా క్రీడల్లో ఆరు పతకాలు గెలిచాడు.

ఎక్కువమంది పోటీ పోగొట్టుకునేది చివరి 5 మీటర్లలో. గోడ ఎక్కడుందోనని బోర్లా తిరిగి చూస్తారు, అనర్హులవుతారు. తాకేదాకా వెల్లకిలే ఉండాలి. అందుకే జెండాల కింద తల దాటినప్పటి నుంచి పలక దాకా ఎన్ని బారలో (చేయి ఎన్నిసార్లు వేశారో) లెక్కపెట్టించండి, పోటీ వేగంతోనే. అలసిపోయాక బార చిన్నదై లెక్క ఒకటి పెరుగుతుంది, ఆ లెక్కా వేరేగా గుర్తుండాలి. పోటీకి ముందురోజు అసలు పూల్‌లో మళ్ళీ లెక్కించండి. చూపు బొత్తిగా లేని ఎస్11 తరగతి వాళ్ళకు నల్లటి గాగుల్స్ ఉంటాయి, గోడ దగ్గర పొడవాటి కర్రతో తట్టి చెబుతారు. వెదురు కొసకు టెన్నిస్ బంతి గుచ్చి ఇంటి దగ్గరే అలవాటు చేయండి.

మొదలెట్టేది నీళ్ళలోనే. పట్టు పట్టలేనివాళ్ళు పళ్ళతో తువ్వాలు కరిచి పట్టుకోవచ్చు, రెండో కొస సహాయకుడి చేతిలో ఉంటుంది. స్పర్శ తెలియని కాళ్ళు గట్టుకు గీసుకుపోయినా నొప్పి తెలీదు: తడి గోనె మడిచి వేయండి, బయటికొచ్చాక మడమలు, మోకాళ్ళు, పిరుదులు చూడండి.

ఇక తరగతి. ఎస్1 నుంచి ఎస్10 శారీరక లోపాలకు, అంకె తగ్గేకొద్దీ లోపం ఎక్కువ. ఎస్11 నుంచి ఎస్13 చూపుకు, ఎస్14 మేధోలోపానికి. వెల్లకిల ఈత ఎస్6 నుంచి పైన 100 మీటర్లు, కింది తరగతుల్లో ఎక్కువగా 50. వికలాంగుల సర్టిఫికెట్‌లోని శాతంతో తరగతి రాదు. శారీరక లోపాలకైతే మంచంమీదా, నీళ్ళలోనూ పరీక్షించి ఇస్తారు. అక్కడ తమకు చేతనైనదాన్ని కావాలని తక్కువ చేసి చూపిస్తే శిక్ష పడుతుంది. పాత మెడికల్ రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. మన ఇంటిపేరు ఆధార్‌లో ముందు, వికలాంగుల కార్డులో వెనక, బడి కాగితంలో ఒడియా పలుకుబడిలో ఉంటుంది. మూడూ ఒకేలా ఉండేట్టు రెండు నెలల ముందే దిద్దించండి.