చెరువు ఒడ్డున నడకదారి: 3వ పాఠం – చుక్క చుట్టూ వలయం

గత పాఠంలో ఒడ్డున ఉన్న ప్రతి చెట్టుకూ నంబరు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత రాసుకున్నాం. ఆ పట్టిక, 1:200 స్కేలు (సెంటీమీటరుకు 2 మీటర్లు) నక్షా, కంపాసు దగ్గర పెట్టుకోండి. ఆ చెట్ల వేళ్లు దెబ్బతినకుండా వాకింగ్ ట్రాక్ గీత ఎక్కడ వేయాలో ఈ పాఠంలో చూద్దాం.

నక్షాలో చెట్టంటే ఒక చుక్క. వాకింగ్ ట్రాక్ గీత ఆ చుక్కకు తగలకపోతే ‘చెట్టు సేఫ్’ అని రాసేస్తారు. రెండు మూడేళ్లు చెట్టు పచ్చగానే ఉంటుంది. తర్వాత పైకొమ్మల నుంచి ఎండడం మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. చెట్టు పోయేది వేళ్ల దగ్గర. ఆ వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే పక్కలకు పాకి ఉంటాయి.

నిర్మాణ పనుల్లో చెట్లను కాపాడడానికి ఉన్న బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 ప్రకారం, మాను వ్యాసానికి 12 రెట్లు వేళ్ల రక్షణ వలయం వ్యాసార్ధం. టేపుతో కొలిచేది చుట్టుకొలత కాబట్టి, దాన్ని నేరుగా 3.8తో (12ను 3.14తో భాగిస్తే వచ్చేది) గుణించండి. కానుగ చుట్టుకొలత 1.9 మీటర్లయితే వ్యాసార్ధం 7.2 మీటర్లు. నక్షా మీద కంపాసు 3.6 సెంటీమీటర్లు తెరిచి గీయండి. వలయం వైశాల్యం 163 చదరపు మీటర్లు. ఎంత పెద్ద చెట్టయినా వ్యాసార్ధం 15 మీటర్లు దాటించక్కర్లేదు.

ఇప్పుడు ట్రాక్ గీత వేయండి. అదే ప్రమాణం ప్రకారం, వలయంలో ఇప్పటిదాకా మట్టిగా ఉన్న నేలలో 20 శాతానికి మించి కొత్తగా కప్పకూడదు. 3 మీటర్ల వెడల్పు ట్రాక్ లోపలి అంచు మానుకు 4 మీటర్ల దూరంలో ఉంటే వలయంలో కప్పేది సుమారు 26 చదరపు మీటర్లు, అంటే 16 శాతం. పర్లేదు. అదే అంచును 2 మీటర్ల దూరానికి జరిపితే 37 చదరపు మీటర్లు, 23 శాతం అవుతుంది. కుదరదు. గీతను రెండు మీటర్లు వంచడానికి కాగితం మీద అయ్యే ఖర్చేమీ లేదు. తిన్నగా ఉండాలన్న పట్టుదలే తప్ప చాలాచోట్ల వేరే అడ్డంకి ఉండదు.

పై లెక్కలో నీరు దూరంగా ఉందనుకున్నాం. నీటి అంచునే ఉన్న చెట్టుకు వలయం గుండ్రంగా ఉండదు. ఎప్పుడూ తడిసి ఉండే మట్టిలో వేళ్లకు గాలి ఆడదు. అందుకే అవి ఎక్కువగా గట్టు వైపుకే పాకుతాయి, సరిగ్గా మనం ట్రాక్ వేయబోయే వైపుకు. నీటి వైపు కోల్పోయిన వైశాల్యాన్ని గట్టు వైపు కలిపి గీయండి.

నిలువు లెక్క ఇంతకన్నా ముఖ్యం. మాను మొదట్లో లెవెల్ (నేల ఎత్తు) తీసుకుని, డిజైన్ లెవెల్‌తో (పని పూర్తయ్యాక ఉండాల్సిన ఎత్తుతో) పోల్చండి. వేళ్ల మీద 15 సెంటీమీటర్ల మట్టి ఫిల్లింగ్ వేసి రోలర్ తిప్పితే చాలు, గాలి ఆగిపోతుంది. మాను చుట్టూ మీటరు వెడల్పు రింగు కట్టి మిగతాదంతా రెండడుగులు పూడ్చడం బాగా కనిపించే పొరపాటు. ఆ రింగు మానును కాపాడుతుంది, వేళ్లను కాదు. న్యూయార్క్ ఈస్ట్ రివర్ పార్కులో వరదల నుంచి రక్షణకు పార్కు మొత్తాన్నే సుమారు 8 అడుగులు ఎత్తు చేయాలని నిర్ణయించారు. చెట్ల నరికివేత 2021 డిసెంబరులో మొదలైంది. పోయే చెట్ల లెక్క దాదాపు వెయ్యి. లెవెల్ ఖాయమైన రోజే అక్కడి చెట్ల సంగతీ ఖాయమైపోయింది.

వలయంలోంచి ట్రాక్ తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే తవ్వకుండా వేయాలి. గడ్డిని చేత్తో తీసి, జియోటెక్స్‌టైల్ (నీరు, గాలి పోయే గట్టి బట్ట) పరిచి, దాని మీద 10 సెంటీమీటర్ల ఎత్తు జియోసెల్ (తేనెపట్టు లాంటి ప్లాస్టిక్ గళ్ల చట్రం) వేసి, గళ్లలో 20–40 మిల్లీమీటర్ల కంకర నింపండి. కంకరలో డస్ట్ ఉండకూడదు. క్రషర్ నుంచి వచ్చిన లోడును పిడికిట పట్టి చూడండి, అరచేతికి పొడి అంటితే వెనక్కి పంపండి. ఆ పొడే గాలి ఖాళీలను మూసేస్తుంది. కెర్బ్ (ట్రాక్ అంచు రాళ్లు) కోసం కాలువ తీయొద్దు, ఇనుప మేకులతో అంచు బిగిస్తే చాలు. కేబుల్ గొయ్యి తప్పకపోతే గునపం, పారతోనే తవ్వించండి. 25 మిల్లీమీటర్లకు మించిన వేరు కనిపిస్తే దాన్ని కోయకుండా కింద నుంచి పైపు దూర్చండి.

‘ట్రాన్స్‌లొకేట్ చేస్తాం’ (చెట్టును వేళ్లతో లేపి వేరేచోట నాటుతాం) అనే మాటకూ లెక్క వేయండి. 60 సెంటీమీటర్ల వ్యాసం మానుకు పది రెట్లు, అంటే 6 మీటర్ల వ్యాసం ఉన్న వేరుముద్ద కావాలి. మీటరు లోతుకు అది 28 ఘనపు మీటర్లు, దాదాపు 48 టన్నులు. దానికి బదులు 2 మీటర్ల ముద్దతో లేపితే చెట్టుతో వెళ్లేది మనం గీసిన వలయంలో 2 శాతమే.

ఒక హెచ్చరిక: చెరువు నీటిని ఆపే మట్టికట్ట మీద ఉన్న చెట్లకు ఈ పద్ధతి వాడకండి. అక్కడ చచ్చిన వేరు కుళ్లితే గొట్టంలా దారి ఏర్పడి కట్టలోంచి నీరు ఊటలెత్తవచ్చు. ఆ చెట్ల సంగతి నీటిపారుదల ఇంజినీరు తేల్చాలి.

అభ్యాసం: ఒకే మొదలు నుంచి రెండు మానులు వచ్చిన నేరేడు. చుట్టుకొలతలు 0.9, 1.2 మీటర్లు. రెండింటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయండి. 1.5 రావాలి. దాని వలయం గీసి, 3 మీటర్ల ట్రాక్‌ను ఎంత దగ్గరికి తేవచ్చో కనుక్కోండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.