జర్మనీ వచ్చాక అక్కడి జనంతో కలవాలంటే మొదట్లో ఏం చేయాలి

ప్రతి ఏడాది అక్టోబర్ సెమిస్టర్‌కి మన పిల్లలు సూట్‌కేస్ నిండా పచ్చళ్లు పొడులు సర్దుకుని జర్మనీలో దిగుతారు, రెండేళ్లయినా పక్కింటివాళ్ల పేరు కూడా తెలీకుండా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే ఉండిపోయేవాళ్లు చాలామంది, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జర్మన్లు మాట్లాడరు, ముభావంగా ఉంటారు అంటారు గానీ వాళ్లు మనుషులతో కలిసే పద్ధతే వేరు, అది తెలుసుకుంటే చాలు.

ముందు ఆ దేశం సైజు తెలియాలి. జనాభా 8.3 కోట్ల పైనే, 2011 లెక్కల్లో మన ఉమ్మడి ఏపీ 8.46 కోట్లు కదా, ఇంచుమించు అంతే. కానీ మనకి హైదరాబాద్ లాగా అంతా ఒకేచోట ఉండదు, 10 లక్షలు దాటిన సిటీలు బెర్లిన్, హాంబర్గ్, మ్యూనిక్, కొలోన్ ఈ నాలుగే, కాబట్టి చిన్న ఊళ్లో సీటొచ్చిందని దిగులు పడకండి, పలకరింపులు అక్కడే ఎక్కువ. ఇంకోటి, జనంలో సగంమంది దాదాపు 45 దాటినవాళ్లే, అంటే మీ బిల్డింగ్‌లో రిటైరయిన అమ్మమ్మలు తాతయ్యలు చాలామందే ఉంటారు. మెట్ల మీద ఎదురైతే హలో చెప్పండి, బవేరియా వైపు అయితే గ్రూస్ గాట్, హాంబర్గ్ వైపు అయితే మొయిన్. ముందు మీరే అనాలి, వాళ్లు అంటారులే అని చూడొద్దు.

మేము బయటివాళ్లం కదా అనే బెరుకు కూడా అక్కర్లేదు. 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకి పనివాళ్లని తెచ్చుకున్న దేశం అది, వాళ్ల మనవళ్లు మనవరాళ్లు ఇప్పుడు అక్కడి టీచర్లు, డాక్టర్లు, ఎంపీలు.

కొత్త ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం తప్పనిసరి. పెద్ద సిటీల్లో అపాయింట్‌మెంట్ తొందరగా దొరకదు, ముందే చూసుకోండి. ఫారంలో మతం అడుగుతారు, కేథలిక్ అనో ప్రొటెస్టంట్ అనో రాస్తే జీతం మొదలయ్యాక ఇన్‌కమ్ ట్యాక్స్ మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది, మన క్రిస్టియన్ పిల్లలకి ఇది ముందే తెలియాలి. కాలింగ్ బెల్ మీద, పోస్ట్ బాక్స్ మీద మీ పేరు అంటించండి, అక్కడ ఫ్లాట్ నంబర్‌తో కాదు పేరుతోనే ఉత్తరం వస్తుంది, పేరు లేకపోతే బ్యాంక్ కార్డు వెనక్కి పోతుంది.

ఇరుగుపొరుగుతో గొడవలు మామూలుగా రెండిటి దగ్గరే, చప్పుడు, చెత్త. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటిస్తారు, ఆదివారం సెలవుకి వాళ్ల రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. కాబట్టి దోసెల పిండికి మిక్సీ శనివారం సాయంత్రమే వేసేసుకోండి, సరుకులు కూడా అప్పుడే తెచ్చుకోండి, ఆదివారం షాపులు మూసేస్తారు. చెత్త వేరు చేయడం బిల్డింగ్‌లో ఎవర్నైనా అడిగి నేర్చుకోండి, అడిగితే విసుక్కోరు, ఓపిగ్గా చూపిస్తారు, చాలాసార్లు మొదటి పరిచయం అక్కడే అవుతుంది.

మన మీరు, నువ్వు లాగానే వాళ్లకీ జీ, డూ ఉన్నాయి. పెద్దవాళ్లతో, ఆఫీసుల్లో జీ అనండి, డూ అనుకుందామా అని పెద్దవాళ్లే అడుగుతారు. పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు కూడా విషెస్ చెప్పకండి, అపశకునం అంటారు. మీ పుట్టినరోజుకి ఆఫీసుకి కేక్ మీరే పట్టుకెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఫెరాయిన్, అంటే క్లబ్. జర్మనీలో రిజిస్టరైనవే దాదాపు 6 లక్షలు ఉన్నాయి, ఫుట్‌బాల్, పాటలు, చెస్, తోటపని ఏదైనా సరే. పార్టీలో పలకరించి వదిలేసే స్నేహాలు కావు ఇవి, ప్రతి మంగళవారం అదే గదిలో అదే మనుషులు కలుస్తూ ఉంటే నెలల మీద పెరిగే స్నేహాలు, అందుకే రెండోవారమే మానేస్తే ఏం రాదు. భాష సరిగ్గా రాకపోయినా ఆట వస్తే చాలు. మీ ఊరి పేరు, మీకు నచ్చిన ఆట పేరు, పక్కన ఫెరాయిన్ అని కొట్టి వెతకండి, చాలా క్లబ్బుల్లో మొదట ఒకట్రెండు సార్లు ఊరికే వచ్చి చూడనిస్తారు, ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి.