ఇంట్లో రాత్రి ప్రార్థన: పదిహేను నిమిషాలు చాలు

చాలా క్రైస్తవ ఇళ్లలో కుటుంబ ప్రార్థన ఆగిపోయేది సాగదీయడం వల్లే. నాన్నగారు కళ్లు మూసుకుంటే అరగంట. ఈలోగా పిల్లలు గోడకి ఆనుకుని కునుకు తీస్తారు. మా ఇంట్లో రూలు పదిహేను నిమిషాలు, అదీ భోజనాలకి ముందు. కడుపు నిండాక ఎవరి కళ్లూ నిలవవు.

చర్చికి వెళ్తున్నాం కదా, ఇంట్లో ఇంకెందుకు అంటారు కొందరు. కొండ మీద ఆరాధించాలా, యెరూషలేములోనా అన్న సంగతి బైబిల్లో సమరయ స్త్రీ ఎత్తితే, యేసు ప్రభువు చోటు మాట పక్కనపెట్టి ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలన్నాడు. చాప మీదైనా సరే మరి.

టీవీ ఆపి ముందు పాట ఎత్తుకోండి. పల్లవి, ఒక చరణం చాలు. శ్రుతి చిన్నపిల్లల గొంతుకి అందేలా ఉండాలి. కీబోర్డు అక్కర్లేదు, చప్పట్లు సరిపోతాయి.

తర్వాత వాక్యం, అంటే బైబిలు చదవడం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కీర్తనల గ్రంథం తేలిక. 117వ కీర్తనలో రెండే వచనాలు, 100వ కీర్తనలో ఐదు. ఇప్పుడిప్పుడే చదవడం వచ్చిన పిల్ల చేతికి ఇచ్చేయొచ్చు. 119వ కీర్తనకి 176 వచనాలని బెంబేలు పడకండి. ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు, రోజుకొకటి. ఇంట్లో జబ్బో అప్పో ఉన్న రోజున బలవంతపు స్తుతి ఎందుకు? 13వ కీర్తన తీయండి. "ఎంతవరకు" అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. అలా అడగడమూ ఆరాధనే. చదివాక ప్రసంగం మాత్రం వద్దు, ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు చెబుతారుగా!

ప్రార్థనలో ఏదైనా అడిగే ముందు ప్రతి ఒక్కరూ ఆ రోజు జరిగిన ఒక్క సంగతికి వందనాలు చెప్పాలి. "అన్నిటికీ స్తోత్రం ప్రభువా" అని దాటేస్తే మేం ఒప్పుకోం. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినందుకు చెప్పాడోసారి మా మనవడు. నాకది చక్కటి ప్రార్థన.

పిల్లల మీద దేవుడికి ఫిర్యాదులు మాత్రం చేయకండి. "ప్రభువా, మావాడికి ఫోను పిచ్చి వదిలించి చదువు మీద బుద్ధి పుట్టించు" అని పైకి అంటే అది ముందు వాడికే తగులుతుంది. మర్నాటి నుంచి సరిగ్గా ఆ టైముకే ట్యూషన్ ఉందంటాడు. భార్యాభర్తల మధ్య పోట్లాట ఉంటే ప్రార్థనకి ముందే తేల్చుకోవాలి. సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం ఎదుటే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. కూర మాడిందని అరిచిన మనిషి అదే గొంతుతో స్తోత్రాలు ఎత్తుకుంటే వంటింట్లో ఆమె ఆమేన్ ఎలా అంటుంది?

చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన, అంటే యేసు శిష్యులకి నేర్పిన ప్రార్థన, చెప్పుకుని లేవడమే.

పిల్లలు అమెరికాలో ఉంటే వీడియో కాల్ ఉంది. ఇక్కడ రాత్రి 8.30 అంటే డాలస్‌లో, కాలాన్ని బట్టి, పొద్దున 9 లేదా 10. కాల్‌లో అందరూ ఒకేసారి పాడితే గొంతులు ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. ఒక ఇంటివాళ్లు పాడుతుంటే మిగతావాళ్లు మ్యూట్ పెట్టుకుని పాడుకోవాలి. ఇది శనివారానికి పెట్టుకోండి, వాళ్లకి ఆఫీసు టెన్షన్ ఉండదు.